నల్లకోటు, యూనిఫాం, కుర్చీ

సర్కారు మారితే సర్కారీ వకీలు మారుతడు. బాన్సువాడ కోర్టు నుంచి హైకోర్టు దాకా ఇదే తంతు. కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన మర్నాటి నుంచే జీపీ ఎవరు, ఏజీపీ ఎవరు అన్న లెక్కలు మొదలైతయి. ఎవరు ఏ నాయకుడి మనిషి అన్నదే చర్చ. ఎవరు జనం కేసు గట్టిగా వాదిస్తరన్న మాట ఎవరి నోటా రాదు.

మేము ఈ మాట ఊరికే ఎత్తుతలేము. ఈ కుర్చీల కోసం తెలంగాణ వకీళ్లు కొట్లాడిన చరిత్ర ఉన్నది. 2010 సెప్టెంబర్‌లో ఉమ్మడి హైకోర్టులో లా ఆఫీసర్ల పోస్టుల్లో 42 శాతం వాటా కావాలని మన అడ్వకేట్లు దీక్షకు కూర్చున్నరు. అది పైరవీ కాదు. నీళ్ల కేసుల్లో, కొలువుల కేసుల్లో సర్కారు తరఫున ఎవరు నిలబడుతరన్న దాన్ని బట్టే తెలంగాణ బతుకు తేలుతదని తెలిసి చేసిన కొట్లాట. 1972 అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతయని సుప్రీంకోర్టు తీర్పు చెప్తే, మరుసటి ఏడాదే చట్టం చేసి ఆ నిబంధనలనే రద్దు చేసిండ్రు. కోర్టులో గెలిచిన కేసును సర్కారులో ఓడిపోయిన జాతి మనది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2019 జనవరి 1న వేరు హైకోర్టు వచ్చింది. వాటా పంచాయితీ తీరింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ కుర్చీలో కూర్చున్న వకీలు ఎవరి మనిషి? పదవిచ్చినోని మనిషా, జనం మనిషా?

దీనికి జవాబు వెతుకుతూ మేము చాలా దూరం చూసినం. అమెరికాలో డెలావేర్ అని ఒక చిన్న రాష్ట్రం ఉన్నది. అక్కడివి మూడే మూడు కౌంటీలు. 2020 లెక్కల్లో జనం 9 లక్షల 90 వేలు. 2011 లెక్కల్లో బాన్సువాడ ఉన్న మన కామారెడ్డి జిల్లా జనాభా 9 లక్షల 72 వేలు. అంటే మన ఒక జిల్లా అంత రాష్ట్రం. అది కూడా పెన్సిల్వేనియా గవర్నర్ పెత్తనం కింద ఉండి, 1776 జూన్ 15న విడిపోయి నిలబడ్డదే. చిన్న రాష్ట్రాలు బతుకుతయా అని మనల్ని ఎక్కిరించినోళ్లకు ఇంతకన్నా జవాబేం కావాలె?

ఆ రాష్ట్రంలో సర్కారీ వకీలు, అంటే అటార్నీ జనరల్, జనం ఓట్లతో గెలుస్తడు. మన దగ్గర అడ్వకేట్ జనరల్‌ను రాజ్యాంగం 165వ అధికరణం కింద గవర్నర్ నియమిస్తడు, ఆచరణలో అది ముఖ్యమంత్రి ఇష్టం. డెలావేర్‌లో క్రిమినల్ కేసులన్నీ ఆ అటార్నీ జనరల్ ఆఫీసే నడుపుతది. 2006 ఎన్నికల్లో ఆ పదవికి గెలిచినవాడు బో బైడెన్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జో బైడెన్ పెద్దకొడుకు. లా చదివి, ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా పనిచేసి, 2003లో ఆ రాష్ట్ర నేషనల్ గార్డ్‌లో సైనిక న్యాయాధికారిగా చేరిండు. నేషనల్ గార్డ్ అంటే రిజర్వు సైన్యం. మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటరు, పిలుపొస్తే యూనిఫాం వేసుకుంటరు. మామూలుగా గవర్నర్ కింద ఉంటది, దేశానికి అవసరమైతే అధ్యక్షుని కిందికి పోతది.

2008లో పిలుపొచ్చింది. తండ్రి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నడు, తాను రాష్ట్రానికి అటార్నీ జనరల్. ఆఫీసు పని కింది అధికారులకు అప్పజెప్పి ఇరాక్ పోయిండు. 2009 సెప్టెంబర్‌లో తిరిగొచ్చిండు. అప్పటికి తండ్రి ఖాళీ చేసిన సెనేట్ సీటు ఎదురుచూస్తున్నది. పోటీ చేస్తడనే అందరూ అనుకున్నరు. 2010 జనవరిలో పోటీ చేయనని చెప్పిండు. వందమందికి పైగా పసిపిల్లల మీద అఘాయిత్యం చేసిన ఒక పిల్లల డాక్టరు కేసు తన ఆఫీసు చేతిలో ఉన్నది, అది వదిలి పోలేనన్నడు. 2011లో ఆ డాక్టరుకు యావజ్జీవ శిక్ష పడ్డది. బో బైడెన్ మాత్రం 46 ఏళ్లకే, 2015 మే 30న, మెదడు క్యాన్సర్‌తో పోయిండు.

ఆయనను దేవుణ్ని చేయాలని మేము అంటలేము. ఇంటిపేరు ఆయనకు కలిసొచ్చింది, కాదనలేం. ఆయన ఇరాక్‌లో ఉన్నప్పుడే, 2009లో, చిన్నారి మీద అత్యాచారం కేసులో డ్యూపాంట్ వంశపు ధనవంతుడొకడు జైలుకు పోకుండా ప్రొబేషన్‌తో బయటపడ్డడు. ఆ ఒప్పందం కుదిర్చింది ఈయన ఆఫీసే. 2014లో దాని మీద గట్టి విమర్శ వచ్చింది, రావలసిందే. అయినా ఒక్క సంగతి మిగులుతది. పెద్ద కుర్చీ ఎదురుగా ఉన్నా, చేతిలో ఉన్న కేసు పెద్దదనుకున్నడు.

ఈ గుణం మనకు కొత్త కాదు. వకీలు కొండా లక్ష్మణ్ బాపూజీ 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలిండ్రు. సైన్యంలో కెప్టెన్‌గా చేసొచ్చిన లక్ష్మీకాంతరావు, 2005లో టీఆర్ఎస్ మంత్రులందరితో పాటు రాజీనామా చేసిండ్రు. బాన్సువాడ కూడా ఈ పరీక్ష చూసింది. 2011లో పోచారం శ్రీనివాసరెడ్డి తెలుగుదేశానికీ, శాసనసభ్యత్వానికీ రాజీనామా చేసి జనం ముందుకొస్తే, బాన్సువాడ ఆయనను గెలిపించి పంపింది. అదే నాయకుడు 2024 జూన్‌లో కాంగ్రెస్ కండువా కప్పుకున్నప్పుడు రాజీనామా లేదు, ఉప ఎన్నిక లేదు. ఆగస్టులో ప్రభుత్వ సలహాదారు పదవి మాత్రం వచ్చింది. మొదటిసారి బాన్సువాడను అడిగి పోయిండ్రు. రెండోసారి అడగాలనిపించలేదా? ఇది ఒక్క మనిషి మీద కోపం కాదు. ఉద్యమం నేర్పిన విలువ పదేండ్లలో ఎట్ల కరిగిందో చెప్పే లెక్క.

అందుకే యువ వకీళ్లకు, ఉద్యోగులకు, విద్యార్థులకు మా మాట. మన దేశంలోనూ రిజర్వు సైన్యం ఉన్నది. 1948 చట్టంతో వచ్చిన టెరిటోరియల్ ఆర్మీ అదే. సొంత బతుకుదెరువు ఉన్న పట్టభద్రులు 18 నుంచి 42 ఏండ్ల దాకా అధికారులుగా చేరేందుకు అర్హులు. శిక్షణకో, పిలుపుకో పోయినవాళ్లను తిరిగి కొలువులో చేర్చుకోవాలని ఆ చట్టమే చెప్తది. పార్లమెంటు సభ్యులకు కూడా అది అడ్డు కాదని 1959 అనర్హతల నివారణ చట్టం తేల్చింది. సచిన్ పైలట్ 2012లో కేంద్రమంత్రిగా ఉండగానే అందులో లెఫ్టినెంట్ అయిండు, 2018లో రాజస్థాన్ ఉపముఖ్యమంత్రి అయిండు. దారి ఉన్నది, నడిచేటోళ్లే తక్కువ.

సర్కారుకు మా డిమాండ్ ఇదీ. జీపీ, ఏజీపీ పోస్టులకు బహిరంగంగా దరఖాస్తులు పిలవాలె. ఎంపికైన వకీలు అనుభవం ఏందో, ఏయే కేసులు వాదించిండో జనానికి తెలపాలె. నిజాంసాగర్ కింద రైతు భూమి కేసు వాదించేటోడు పైరవీతో రావద్దు. 42 శాతం కోసం దీక్షకు కూర్చున్నోళ్లు అడిగింది మనోళ్లకు కుర్చీలు మాత్రమే కాదు, ఆ కుర్చీల్లో మన కేసు వాదించే గొంతు. ఆ గొంతు ఇంకా రావాల్సే ఉన్నది.