భూమి అమ్మించేవాడికి పరీక్ష వద్దా?

ఆదివారం పొద్దున ఉప్పల్ చౌరస్తాలో పావుగంట నిలబడితే చాలు. వరంగల్ వైపు పోయే బస్సు కోసం చూస్తున్న మనిషి చేతిలో నాలుగైదు కరపత్రాలు పడతాయి. బీబీనగర్‌లో వెంచర్, భువనగిరిలో వెంచర్, ఆలేరు దాటాక ఇంకో వెంచర్. కారు వాళ్లదే, భోజనం వాళ్లదే, మనం పోయి చూసి వస్తే చాలు. కరపత్రం ఇచ్చే పిల్లవాడికి ఇరవై రెండేళ్లుంటాయి. మెడలో టై, జేబులో రెండు ఫోన్లు. మొన్న ఒక పిల్లవాణ్ణి ఆపి అడిగాను: "బిడ్డా, ఈ సర్వే నంబరు పాత పహాణీల ఎవరి పేరు మీదున్నది?" వాడు నవ్వి, "అవన్నీ మా సార్ చూసుకుంటడు అంకుల్, మీరైతే ఒకసారి సైట్ చూడుండ్రి" అన్నాడు.

ఆ పిల్లవాణ్ణి తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఏమీ నేర్పకుండా అతణ్ణి రోడ్డు మీద నిలబెట్టినవాళ్ల గురించి, అట్లా నిలబెట్టినా అడగని ప్రభుత్వం గురించి రాస్తున్నాను.

మా అన్న కొడుకు కథ చెబితే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. డిగ్రీ అయ్యాక నాచారంలో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో చేరాడు. జీతం లేదు, కమీషనే. చేరిన మొదటి రోజు వాడికి ఇచ్చిన పని ఏమిటో తెలుసా? నూరు మంది చుట్టాల పేర్లు, స్నేహితుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకురమ్మన్నారు. భూమి పత్రాలు ఎట్లా చదవాలో ఒక్క గంట చెప్పలేదు. రెండేళ్లు తిరిగి, ఆ నూరు మందిలో సగం మందికి మొహం చూపించలేక, పుణె పోయాడు. అక్కడ అదే పని దొరికింది. కాకపోతే అక్కడి ఆఫీసు వాళ్లు ముందు పరీక్ష ప్యాసయి రమ్మన్నారట. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఉప్పల్‌లో మా అరుగు మీద కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాడు. "కాకా, జర ప్రశ్నలు అడుగవా" అని పుస్తకం నా చేతిలో పెట్టాడు.

పదో తరగతి చదివినవాణ్ణి, కూడబలుక్కుంటూ అడిగాను. ఒప్పందం రిజిస్టర్ చేయకుండా బిల్డరు ఎంత అడ్వాన్సు తీసుకోవచ్చు? పది శాతం మించి తీసుకోరాదు. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో ఎంత ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి? డెబ్బై శాతం. ఇల్లు అప్పజెప్పాక నిర్మాణంలో లోపం బయటపడితే ఎన్నేళ్ల దాకా బిల్డరుదే బాధ్యత? ఐదేళ్లు. రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు అమ్మకం చేయిస్తే జరిమానా ఎంత? రోజుకు పది వేలు, పెరిగి పెరిగి ఆస్తి విలువలో ఐదు శాతం దాకా. వాడు తడుముకోకుండా చెప్పాడు. నాచారంలో రెండేళ్లు పనిచేసినప్పుడు ఇందులో ఒక్కటన్నా తెలుసునా అని అడిగాను. "ఒక్కటి గూడ తెల్వదు కాకా" అన్నాడు.

మనిషి అతడే, పని అదే, దేశం ఒకటే, చట్టం కూడా ఒకటే. 2016లో పార్లమెంటు చేసిన రెరా చట్టం మహారాష్ట్రకూ తెలంగాణకూ సమానమే. ఆ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఏజెంటు రిజిస్టర్ చేసుకోవాలి. మహారాష్ట్ర రెరా 2023 జనవరి 10న ఇంకో అడుగు ముందుకు వేసి, శిక్షణ తీసుకుని పరీక్ష ప్యాసైనవాడే ఏజెంటు అని ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది మేలో మొదటి పరీక్ష పెట్టింది. పరీక్ష రాయని వేల మంది పాత ఏజెంట్ల రిజిస్ట్రేషన్లను 2024 మొదట్లో పక్కన పెట్టింది. మనం 2017లో చేసుకున్న నియమాల్లో ఏముంది? దరఖాస్తు, పాన్, ఫొటో, చిరునామా రుజువు, ఫీజు. ఐదేళ్లకు రిజిస్ట్రేషన్. భూమి గురించి ఒక్క ప్రశ్న లేదు.

బీమా పాలసీ అమ్మాలంటే పరీక్ష ఉంది. మ్యూచువల్ ఫండ్ అమ్మాలంటే పరీక్ష ఉంది. మనకు పురుగుమందు డబ్బా అమ్మే దుకాణదారుకు డిగ్రీయో, నిర్ణీత కోర్సో ఉండాలి. ట్రాక్టరు తోలాలన్నా ఆర్టీఓ ఆఫీసులో లైసెన్సు పరీక్ష తప్పదు. అమెరికాలో టెక్సస్ పోయిన మన తెలుగువాళ్లు అక్కడ ఇళ్లు అమ్మించాలంటే నూటా ఎనభై గంటలు చదివి, పరీక్ష ప్యాసై, లైసెన్సు తీసుకుని అమ్మిస్తున్నారు. ఇక్కడ మాత్రం ఒక కుటుంబం మూడు తరాల కష్టాన్ని ఒక్క సంతకంతో చేతులు మార్పించే మనిషికి విజిటింగ్ కార్డు చాలు.

దీని ఫలితం చూడాలంటే ఎక్కడికో పోనక్కర లేదు. 2020 ఆగస్టులో ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేస్తామని ఎల్‌ఆర్‌ఎస్ తెస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ ప్లాట్లు వాటంతట అవి అమ్ముడుపోయాయా? ఎక్కువ వాటి వెనక ఎవరో ఒక మధ్యవర్తి నిలబడి "క్లియర్ టైటిల్" అని చెప్పే ఉంటాడు. కమీషన్ తీసుకున్నవాడు వెళ్లిపోయాడు. రుసుము కట్టేది కూలి డబ్బు కూడబెట్టి నూరు గజాలు కొన్నవాడు.

ఇప్పుడు మన రైతుల దగ్గరికి వద్దాం. అసలు గొడవ ఇక్కడే ఉంది.

రెరా చట్టంలో ఏజెంటు అంటే ఎవరో రాశారు. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులోని ప్లాటు, అపార్ట్‌మెంటు, భవనం అమ్మకానికి మధ్య నిలబడేవాడు. అంటే పొలం ప్లాటు అయ్యాక అమ్మించేవాడు. ఆ పొలాన్ని రైతు దగ్గర ఎకరాల లెక్కన బేరం చేసే దలారి ఈ నిర్వచనంలోకి రాడు. కొనేవాడికి బలహీనమైనదైనా ఒక గొడుగు ఉంది. అమ్మే రైతుకు అదీ లేదు. మహారాష్ట్ర పరీక్ష కూడా ఆ చట్టం గీసిన గీత లోపలే ఉంది. మావాడి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాను. రైతు అన్న మాట దొరకలేదు. గుంటల లెక్కన "ఫామ్ ల్యాండ్" అమ్మే బోర్డులు రోడ్డు పొడుగునా ఎందుకు లేచాయో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. ప్లాటు అనకుండా పొలం అంటే రెరా అడగదని వాళ్ల ధీమా.

ఉప్పల్ భగాయత్ సంగతి మనలో చాలామందికి తెలుసు. భగాయత్ అంటేనే తోట భూమి. మూసీ ఒడ్డున తోటకూర, పాలకూర, పుదీన, పశువులకు పచ్చగడ్డి పండించి పట్నానికి పంపిన నేల. 2005-06 ప్రాంతంలో అప్పటి హుడా అక్కడ ఏడు వందల ఎకరాలకు పైగా తీసుకుంది. ఎకరానికి వెయ్యి గజాల అభివృద్ధి చేసిన ప్లాటు ఇస్తామన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు. వెయ్యి అంటే ఐదో వంతుకు కాస్త ఎక్కువ. ఆ ఐదో వంతు చేతికి రావడానికి రైతులు పదేళ్లకు పైగా ఎదురుచూశారు. హుడా పోయి హెచ్‌ఎండీఏ వచ్చింది. 2019 ఏప్రిల్‌లో అదే నేల మీది ప్లాట్లను వేలం వేస్తే 677 కోట్లు వచ్చాయి. 2021 చివరి వేలంలో గజం లక్ష దాటిన ప్లాటు కూడా ఉంది.

అక్కడ మా కుటుంబానికీ మడి ఉండేది. ఎదురుచూపులో మూడో ఏడు దాటాక మా అన్నకు బిడ్డ పెళ్లి వచ్చింది. దలారి ఇంటికి వచ్చాడు. "అన్నా, ఈ ప్లాటు నీ జన్మల రాదు, నేను రిస్కు తీసుకుంటున్న" అన్నాడు. బయానా ఇచ్చి నోటరీ కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. ఆ కాగితంలో ఒక చిన్న మాట ఉంది: "కొనుగోలుదారు లేదా ఆయన సూచించిన వారి పేరిట." మేము దాన్ని పట్టించుకోలేదు. ఆ ఒక్క మాట మీద ఆ కాగితం ఏడాదిలో ముగ్గురి చేతులు మారింది. మారినప్పుడల్లా ధర పెరిగింది. మా అన్నకు మాత్రం మొదటి ధరే. అది కూడా మూడు విడతల్లో, బతిమాలుకుంటే. ఆ అన్న కొడుకే ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఏజెంటు పరీక్షకు చదువుతున్నాడు.

పరీక్ష పెడితే మోసం ఆగుతుందా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఆగదు. లైసెన్సు ఉన్నవాడు కూడా యాక్సిడెంట్ చేస్తాడు. కానీ లైసెన్సు ఉంటే రద్దు చేయడానికి ఒకటి ఉంటుంది. "నాకు తెల్వదు, మా సార్ చూసుకుంటడు" అనే మాట పరీక్ష ప్యాసైనవాడి నోట చెల్లదు. తెలిసి చేశాడని రుజువు చేయడం తేలికవుతుంది.

ఇంకో మాట ఉంది, అది నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈ ఏజెంట్లలో చాలామంది మన పిల్లలే. భూమి పోయింది, నాచారం ఫ్యాక్టరీల్లో పర్మినెంట్ ఉద్యోగం లేదు, ఇంకేం చేస్తారు? పరీక్ష పేరుతో వాళ్ల పొట్ట కొడతారా అంటారు. నేను అడిగేది ఒకటే. చుట్టాల జాబితా రాయించుకుని, అందరికీ అంటగట్టించి, ఆఖరుకు తిట్లు మాత్రం మిగిల్చే పని వాళ్ల పొట్ట నింపుతున్నదా? పరీక్ష తెలుగులో పెట్టి, ఫీజు తక్కువ పెట్టి, శిక్షణ మండల కేంద్రంలో ఇస్తే మన పిల్లలే ముందు ప్యాసవుతారు. ఏ నాలా ఎటు పారిందో, ఏ సర్వే నంబరు ఎవరిదో చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు వాళ్లే. భయపడాల్సింది టై కట్టించి వాళ్ల వెనక దాక్కున్న సార్లు.

ప్రభుత్వం పరీక్ష పెట్టేదాకా ఊరుకోవద్దు. మన గుమ్మం తొక్కిన ప్రతి మధ్యవర్తికీ మనమే పరీక్ష పెడదాం. ఈ ఆరు ప్రశ్నలు చించి గోడకు అంటించుకోండి.

ఒకటి: 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటి భూభారతి రికార్డు దాకా ఈ భూమి ఎవరెవరి పేరు మీద ఉంది? ఈసీ తీశావా?

రెండు: ఇది అసైన్డ్, ఇనాం, భూదాన్, వక్ఫ్, దేవాదాయ భూమి కాదని నిషేధిత జాబితాలో చూశావా? అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదని నీకు తెలుసా?

మూడు: 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు ఎవరైనా ఉన్నారా?

నాలుగు: చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్, నాలా హద్దు ఎక్కడిదాకా? ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్ద చెరువు పక్కన పెరిగినవాళ్లం, వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మనకు తెలుసు. కాగితంలో ఏముందో నువ్వు చెప్పు.

ఐదు: జీపీఏ మీద, అగ్రిమెంటు మీద అమ్మితే యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి నాతో జీపీఏ ఎందుకు అడుగుతున్నావు?

ఆరు: బయానా కాగితంలో మిగతా డబ్బు ఏ తేదీకి ఇస్తావు, ఇవ్వకపోతే ఏమవుతుంది? "సూచించిన వారి పేరిట" అన్న మాట ఎందుకు? నీ కమీషన్ నా దగ్గరే తీసుకుంటున్నావా, అవతలివాడి దగ్గర కూడానా?

ఇందులో రెండింటికి జవాబు చెప్పలేనివాడికి చాయ్ తాగించి పంపండి. సంతకం మాత్రం పెట్టకండి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి నాలుగు. తెలంగాణ రెరా ఏజెంట్లందరికీ శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేయాలి. అవి తెలుగులో, ఉర్దూలో కూడా ఉండాలి. వ్యవసాయ భూమి బేరం చేసే మధ్యవర్తులను కూడా రిజిస్ట్రేషన్ కిందికి తేవాలి. కేంద్రం నిర్వచనం మార్చేదాకా రాష్ట్రమే అందుకు చట్టం చేయాలి. పరీక్ష పాఠాల్లో కౌలుదారీ చట్టం, అసైన్డ్ భూముల చట్టం, 2013 భూసేకరణ చట్టం చేర్చాలి. ప్రతి అమ్మకం దస్తావేజులో మధ్యవర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తీసుకున్న కమీషన్ రాయాలి. ఇప్పుడు దస్తావేజులో అమ్మినవాడుంటాడు, కొన్నవాడుంటాడు, సాక్షులుంటారు. అందరినీ కలిపి లాభం తీసుకున్నవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

మావాడు పుణె తిరిగి పోయే ముందు ఈ ఆరు ప్రశ్నలు వాడి పుస్తకం వెనక అట్ట మీద రాసిచ్చాను. చదివి, "ఇవి పరీక్షల రావు కాకా" అన్నాడు. "రావాలె బిడ్డా" అన్నాను. ఆరో ప్రశ్న దగ్గర వాడు చాలాసేపు ఆగాడు. వాళ్ల నాయన సంతకం పెట్టిన కాగితం గురించి వాడికి తెలుసు.

రైతు సోదరులారా, వచ్చే నెల మీ ఊరి కమిటీలో ఈ ప్రశ్నలు చదివి వినిపించండి. మీ అనుభవంలోంచి ఏడో ప్రశ్న, ఎనిమిదో ప్రశ్న రాసి మన పత్రికకు పంపండి. అన్నీ కలిపి, పై నాలుగు డిమాండ్లతో జిల్లా కలెక్టరు చేతిలో, రెరా ఆఫీసులో పెడదాం.