కేబుల్ 70, రాడ్డు 70 ఒకటేనా?

పోయిన నెల మా క్యాంపు మెస్సులో ఒక పందెం పడింది. జగిత్యాల తమ్ముడు కూర్చుని లాగే కేబుల్ మిషన్ మీద 70 కిలోలు లాగుతాడు. రాజోలు తమ్ముడు నడుం వంచి రాడ్డుతో చేసే రోయింగ్‌లో 50 దాటడు. ఎవరు బలవంతుడు? ఓడినవాడు గదిలో అందరికీ బిర్యానీ పెట్టాలి. మరునాడు సాయంత్రం, పొద్దంతా బ్లాకులు మోసి వచ్చిన జగిత్యాల తమ్ముడు రాడ్డుకి 70 ఎక్కించి వంగాడు. నాలుగోసారికి నడుం పట్టేసింది. గదికి మోసుకొచ్చింది రాజోలు తమ్ముడే.

సిక్ లీవు కాగితం మా టేబుల్ మీదికే వచ్చింది. ఇక్కడ యూఏఈ చట్టంలో ప్రొబేషన్ దాటినవాళ్ళకి ఏడాదికి 90 రోజులు సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం, మిగతా 45 రోజులకి ఏమీ రాదు. ప్రొబేషన్‌లో ఉంటే జీతంతో సిక్ లీవే లేదు. డ్యూటీలో తగిలిన దెబ్బ లెక్క వేరు, జిమ్ములో పట్టిన నడుం అందులోకి రాదు. ఓవర్‌టైమ్ పోవడం సరేసరి.

ఆ ఆదివారం మేము ఊరికెళ్ళేటప్పుడు పెట్టెలు తూచుకునే కొక్కెం కాటా తీసుకుని జిమ్ముకి వెళ్ళాం. కేబుల్ మిషన్ పిన్ను 20 దగ్గర పెట్టి, పిడికి కాటా తగిలించి మెల్లగా లాగితే 11 చూపించింది! కారణం గిలక. ఆ మిషన్‌లో బరువుతో పాటు ఒక గిలక కూడా పైకి లేస్తుంది. అలాంటప్పుడు మన చేతికి తగిలేది దాదాపు సగం బరువే, తాడు మాత్రం రెండింతలు లాగాలి. (ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాం, మార్కులు అడక్కండి.) అన్ని మిషన్లూ ఇలా ఉండవు. కొన్నింట్లో రాసినంతా తగులుతుంది. అంటే తమ్ముడి 70 నిజానికి 38 దగ్గర.

తర్వాత ఖాళీ రాడ్డు తూచాం. 20 కిలోలు. రాజోలు తమ్ముడు 50 అన్నది ప్లేట్లే, రాడ్డు లెక్కలో వేసుకోలేదు. అతను లాగుతున్నది 70. జగిత్యాల తమ్ముడూ అలాగే లెక్కేసి ప్లేట్లే 70 ఎక్కించాడు. 38 అలవాటున్న మనిషి 90కి వంగాడన్నమాట.

తూకం సరిచేసినా రెండూ ఒకటి కావు. కూర్చుని లాగితే కాళ్ళు తన్నిపట్టి ఉంటాయి. వంగి లాగితే ఆ బరువంతా నడుమే ఆపాలి, వీపు అలిసేలోపే నడుం అలుస్తుంది. ఒంటి చేత్తో డంబెల్ లాగేటప్పుడు రెండో చెయ్యి బెంచి మీద ఆనుతుంది కాబట్టి చాలామంది రాడ్డు బరువులో సగం కంటే కొంచెం ఎక్కువే లాగుతారు. అలాగని 30 డంబెల్ లాగినవాడు 60 రాడ్డుకి సిద్ధమని కాదు. డంబెల్ మీద ఎల్‌బీ అని ఉంటే అది పౌండ్లు. 50 పౌండ్లంటే 22.7 కిలోలే.

పగలంతా వంగి పనిచేసే స్టీల్ ఫిక్సర్లకీ మేసన్లకీ మా మాట ఒకటే. సాయంత్రం రాడ్డు రోయింగ్ వద్దు. ఏటవాలు బెంచికి ఛాతీ ఆనించి డంబెళ్ళు లాగండి, నడుముకి పని ఉండదు. పట్టిన నడుముతో పాటు కాలిలోకి తిమ్మిరి దిగితే బామ్ రాసుకుని కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

జగిత్యాల తమ్ముడు 12 రోజులకి డ్యూటీ ఎక్కాడు. డాక్టరు సరేనన్నాక 10 కిలోల డంబెల్‌తో మొదలుపెట్టాడు. బిర్యానీ మాత్రం ఇంకా బాకీ ఉంది, లెక్క తప్పింది ఇద్దరికీ కదా అంటున్నాడు.