విమానం ఎక్కాక కాదు, నిఖాకు ముందే కాపాడండి

పాతబస్తీ ఆడబిడ్డల విషయంలో గుణపాఠం నేర్చుకున్నామని పాలకులు ప్రకటించిన ప్రతిసారీ మేము అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ గుణపాఠం?

1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పది, పదకొండేళ్ల బాలిక ఏడుస్తుండగా ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించింది. పక్కన ఉన్న 60 ఏళ్ల సౌదీ పౌరుడు ఆ బాలికకు తాత కాదు, ‘భర్త’. ఢిల్లీ పోలీసులు అతణ్ని అరెస్టు చేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. తరువాత అతడు బెయిలు పొంది దేశం దాటిపోయాడు. బాలిక మాత్రం కన్నవారి ఇల్లు చేరేముందు ప్రభుత్వ సంరక్షణాలయంలో రోజులు లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

ఆ ఎయిర్‌హోస్టెస్ మానవత్వానికి మా సలాము. కానీ పిల్లల రక్షణ ఆమె ఉద్యోగం కాదు. అది ఎవరి ఉద్యోగమో వారెవరికీ ఆ బిడ్డ కనిపించలేదు. ఆడపిల్ల వివాహ వయసు 18 ఏళ్లని 1978లోనే చట్టం చెప్పింది. అయినా బేరం కుదిరింది, నిఖా జరిగింది, ప్రయాణమూ మొదలైంది.

ఆ తరువాత చట్టాలకు కొదవ లేదు. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం, 2012లో పోక్సో, 2015లో కొత్త బాల న్యాయ చట్టం వచ్చాయి. అయినా 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతర్ పౌరులను, దళారులను, ఖాజీలను అరెస్టు చేయవలసి వచ్చింది. 26 ఏళ్లలో చట్టాలు మారాయి, బేరం మారలేదు.

గుణపాఠం నేర్చుకోవడమంటే ఏమిటో ఇంగ్లండు అనుభవం చెబుతుంది. 2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల బాలిక చిత్రహింసలకు బలైంది. లార్డ్ లేమింగ్ విచారణ సంఘం ఆమె సంరక్షకుల క్రూరత్వం చెప్పి ఊరుకోలేదు. ఆమెను కాపాడగలిగిన సందర్భాలు కనీసం 12 ఉన్నాయని, ప్రతిచోటా అధికార యంత్రాంగం విఫలమైందని 2003లో తేల్చింది, 108 సిఫారసులు చేసింది. అయినా 2007లో అదే హారింగే ప్రాంతంలో మరో పసివాడు అలాగే చనిపోయాడు. నివేదిక రాయడం వేరు, నేర్చుకోవడం వేరు. మన దగ్గర ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. పాతబస్తీ బాలిక ఏయే గుమ్మాల ముందు చేజారిందో లెక్కగట్టి ప్రజల ముందు పెట్టిన వారు లేరు.

ఆ లెక్కకు బదులు ఒక మతాన్ని బోనెక్కించడం సులభమైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇది ఏ ఒక్క మతం జాడ్యమో ఈ అంకెలను చూసి చెప్పమనండి! 2023 ఫిబ్రవరిలో అస్సాం ప్రభుత్వం వేలమందిని జైళ్లలో కుక్కింది. భర్తలను, తండ్రులను పోగొట్టుకున్న స్త్రీలు పోలీసు స్టేషన్ల ముందు ఏడ్చారు. దానిని బాలికా రక్షణ అంటారా? నేరవిచారణ ఒక్కటే చాలదని, నివారణే ముఖ్యమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అదే గొంతుతో మన పెద్దలకూ చెబుతున్నాము. పేదింటి బిడ్డను అమ్మిన బేరానికి షరియత్ పేరు తొడిగితే అది షరియత్‌కే అవమానం. దళారి ఎవరో మొహల్లాకు తెలుసు. మస్జిదు కమిటీకి తెలుసు. తెలిసీ మౌనం వహించడం మతాన్ని కాపాడడం కాదు, దళారిని కాపాడడం.

మా డిమాండ్లు ఇవి. బాల్యవివాహాల నిషేధ అధికారి బాధ్యతను ఇతర ఉద్యోగులకు అదనపు పనిగా అంటగట్టడం మానాలి. ఉర్దూ మాట్లాడే మహిళా సామాజిక కార్యకర్తలను బస్తీల్లో పూర్తికాలం నియమించాలి. ఖాజీలను నియమించేది ప్రభుత్వమే కనుక, వయసు ధ్రువపత్రం లేని నిఖా చదివిన ఖాజీ అనుమతిని రద్దు చేయాలి. బడి మానిన ప్రతి బాలిక ఇంటికి నెల తిరగకముందే ఒకరు వెళ్లాలి. కాపాడలేకపోయిన ప్రతి సందర్భంపైనా బిడ్డ పేరు దాచి, శాఖల పేర్లు దాచకుండా సమీక్ష ప్రచురించాలి.

ఇవేవీ చేయకుండా మళ్లీ ‘గుణపాఠం నేర్చుకున్నాం’ అంటే మేము నమ్మము.