సూది లేని ధ్రువపత్రం

ఉమ్రాకు బయలుదేరనున్న ఒక పెద్దమనిషి మొన్న మా మదరసాకు విచ్చేశారు. ఆయన మనుమడు మా వద్దనే హిఫ్జ్ చేస్తున్నాడు. వీసా, టిక్కెట్టు, ఇహ్రామ్ వస్త్రాలు అన్నీ సిద్ధమని చెబుతూ, చేతిసంచిలో నుండి టీకా ధ్రువపత్రం తీసి చూపారు. "సూది ఎప్పుడు వేయించుకున్నారు సాబ్?" అని అడిగాము. "సూది ఎందుకు మౌలానా? కాగితం ఏజెంటే తెప్పించాడు. మన తవక్కుల్ అల్లాహ్ మీద కదా!" అని నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ఆ టీకా మెనింజైటిస్‌కు సంబంధించినది. మెదడును, వెన్నుపామును కప్పి ఉండే పొరలకు సోకే వ్యాధి అది. ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీయగలదు. బ్రతికినవారిలో కొందరు వినికిడి కోల్పోతారు. 1987 హజ్‌లో ఈ వ్యాధి ప్రబలిన పిమ్మట సౌదీ ప్రభుత్వం యాత్రికులకు టీకాను తప్పనిసరి చేసింది. 2000, 2001 సంవత్సరాలలో డబ్ల్యు-135 అనే మరో రకం తలెత్తగా, నాలుగు రకాల నుండి రక్షణనిచ్చే టీకా నియమమైంది. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే దానిని వేయించుకోవాలి. హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవారికి శిబిరాలలోనే వేస్తారు. ఏజెన్సీల ద్వారా ఉమ్రాకు వెళ్ళేవారి విషయంలోనే ఈ కాగితాల వ్యవహారం.

ఈ క్రిములు కొందరి ముక్కులో, గొంతులో ఏ బాధా కలిగించకుండానే నివసిస్తాయి. అటువంటివారు తాము ఆరోగ్యంగా ఉంటూనే ఇతరులకు అంటిస్తారు. 2024లో సౌదీ ప్రయాణంతో ముడిపడి అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో 12 మంది ఈ వ్యాధి బారిన పడ్డారు. వారిలో ఇద్దరు అసలు యాత్రకే వెళ్ళలేదు. వెళ్ళివచ్చినవారితో సన్నిహితంగా మెలిగారు, అంతే. టీకా వివరాలు తెలిసిన తొమ్మిది మందిలో ఒక్కరూ టీకా వేయించుకున్నవారు కారు.

తవక్కుల్ మాటకు వస్తే, ఒంటెను కట్టివేయమన్న ఉదంతం అందరికీ తెలిసినదే, దానిని మళ్ళీ చెప్పబోము. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతూ సర్గ్ అనే చోట ఉండగా, అక్కడ ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన వెనుదిరగాలని నిశ్చయించుకున్నారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక విధి నుండి అల్లాహ్ నిర్ణయించిన మరో విధి వైపుకే వెళుతున్నామని సమాధానమిచ్చారు. అంతటి ఖలీఫా వెనుదిరగడాన్ని ఎవరు విశ్వాస లోపమనగలరు? ఇక సూది వేయించుకోకుండానే వేయించుకున్నట్లు కాగితం చూపడం తవక్కుల్ ఎలా అవుతుంది? అది అబద్ధపు సాక్ష్యం. దైవప్రవక్త (స) దానిని ఘోరపాపాలలో లెక్కించారు. ఇహ్రామ్ ధరించబోయే చేతులతో దానిని అధికారులకు అందించాలా?

మరి రెండు మాటలు. శిరోముండన వేళ క్షురకుడు కొత్త బ్లేడు విప్పడం కళ్ళారా చూడండి. ఒకరి రక్తం అంటిన బ్లేడు ద్వారా మరొకరికి కాలేయ వ్యాధులు సోకుతాయి. జియారత్‌లకు వెళ్ళినప్పుడు ఒంటెల దగ్గర ఫోటోలకు, కాచని ఒంటె పాలకు ఆశపడవద్దు. మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి వాటి నుండి మనుషులకు సోకుతుంది. తిరిగివచ్చాక తీవ్ర జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే తక్షణమే ఆసుపత్రికి వెళ్ళి, ఎక్కడి నుండి వచ్చారో వైద్యునికి ముందుగానే చెప్పండి.

ఆ పెద్దమనిషి మా మాటలు మౌనంగా విన్నారు. ఇంతలో మనుమడు వచ్చి ఆయన ఒడిలో కూర్చున్నాడు. "నా నుండి వీడికి కూడా రావచ్చా?" అని అడిగారు. రావచ్చన్నాము. ప్రయాణానికి ఇంకా పదహారు రోజుల గడువుంది. మరునాడే టీకా వేయించుకుని వచ్చి, పాత కాగితాన్ని మా బల్లపై ఉంచి వెళ్ళారు.