విద్యుద్వాహనములు - వేసవి లెక్క

రోహిణీకార్తె యెండలకు రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. అట్టి యెండలో ఏసీ నాపుకొని కారు నడుపువారు మన నగరములలో నరుదు. కాని విద్యుద్వాహనము ఒక్క చార్జింగుతో నెంతదూరము పోగలదో తేల్చు పరీక్షలు మన దేశమున నింతకాలమును ఏసీ నాపియే జరిగినవి. ఆ యంకెయే ప్రకటనలలో పెద్ద యక్షరములతో వెలయుచు వచ్చినది. దానిని నమ్మి కొన్నవాడు వేసవిలో విజయవాడనుండి హైదరాబాదునకు బయలుదేరి, త్రోవలో చార్జింగు స్థలమునకై వెదకుకొనవలసి వచ్చినచో, ఆ తప్పెవ్వరిది?

పెట్రోలు ఇంజను ఇంధనశక్తిలో నధికభాగమును వేడిగా వ్యర్థపుచ్చును. చలిదేశములలో ఆ వ్యర్థమైన వేడియే కారులోపల వెచ్చదనము నిచ్చును. విద్యుత్తు మోటారు మిక్కిలి పొదుపరి. దానివద్ద నట్టి వేడి మిగులదు. కావున వెచ్చదనమునకైనను, చల్లదనమునకైనను బ్యాటరీయే వెల చెల్లింపవలెను. అమెరికా మోటారు వాహనదారుల సంఘమైన ఏఏఏ 2019లో అయిదు విద్యుత్కార్లను పరీక్షించెను. సున్నకు దిగువ 7 డిగ్రీల చలిలో హీటరు వాడగా ప్రయాణదూరము సగటున నూటికి 41 పాళ్లును, 35 డిగ్రీల వేడిలో ఏసీ వాడగా 17 పాళ్లును తగ్గెను.

మనకు చలిభయము లేదుగదా యని నిశ్చింతగా నుండరాదు. ఏసీ గంటల లెక్కన విద్యుత్తును వాడును గాని కిలోమీటర్ల లెక్కన గాదు. కారు నూరు కిలోమీటర్లు నడచుటకు 15 యూనిట్లును, ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్టును వాడుననుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోయినచో నూరు కిలోమీటర్లకు ఏసీ ఖర్చు రెండున్నర యూనిట్లు. నగరపు రద్దీలో 20 కిలోమీటర్ల వేగమున పోయినచో ఏడున్నర యూనిట్లు. అనగా చక్రములు తిరుగుటకగు వ్యయములో సగము!

ఈ నిజము వెల్లడియైనచో జనులు విద్యుద్వాహనములకు వెనుదీయుదురని కొందరు శంకింపవచ్చును. నార్వేను చూడుడు. అచ్చటి వాహనదారుల సంఘము 2020నుండి శీతకాలమున కార్లను మంచుదారులపై నడిపించి, ఏది యెంతదూరము పోయినదో బాహాటముగా ప్రకటించుచున్నది. అయినను 2024లో ఆ దేశమున అమ్ముడుపోయిన క్రొత్తకార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్కార్లే. సత్యము వ్యాపారమును చెరుపలేదు.

మన దేశము వాడు ముడిచమురులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నది. ఆ పరాధీనత తొలగుటకు విద్యుద్వాహనము వలయునని మేమును కోరుచున్నాము. కోరుచున్నందుననే సగము లెక్క చాలదనుచున్నాము. ఏసీ లేక ఎంతదూరము, 40 డిగ్రీల యెండలో ఏసీతో ఎంతదూరము అను రెండంకెలను ప్రతి ప్రకటనయందును సమానమైన యక్షరములతో ముద్రించునట్లు ప్రభుత్వము శాసింపవలెను. కొనువారును రెండవ యంకెను అడుగక బయానా ఈయరాదు. కొన్నపిమ్మట కారును నీడన నిలుపుట, బయలుదేరుటకు ముందే చార్జింగు తీగ తగిలియుండగా లోపల చల్లబరచుకొనుట వారి చేతిలోని పనులు. చెప్పువానికి వినువాడు లోకువయని సామెత; వినువాడు లెక్క యడిగిననాడు ఆ లోకువ తీరును.