కొక్కెం ఒకటి, కొలతలు పది

2025 సెప్టెంబరు 22 నుండి వ్యవసాయ ట్రాక్టర్లపైన, పనిముట్లపైన జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. తగ్గిన పన్ను రైతు చేతిదాకా వచ్చిందా, మధ్యలోనే ఆగిందా అన్న చర్చ మార్కెట్‌లో బాగానే సాగింది. కాని ఏ ధరల పట్టికలోనూ కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. కొన్న పనిముట్టు ఉన్న ట్రాక్టరుకు సక్రమంగా తగులుకోకపోవడం వల్ల పడే ఖర్చు అది. క్విక్ హిచ్ అనే చట్రం గురించి విచారించే రైతులు, అద్దె ట్రాక్టర్ల యజమానులు ముందుగా లెక్క వేసుకోవలసింది ఈ ఖర్చునే.

ట్రాక్టరు వెనుక ఉండే మూడు లింకులలో కింద రెండు, పైన ఒకటి. గొర్రయినా, రోటవేటరయినా, లెవెలింగ్ బ్లేడయినా ఈ మూడింటికే తగిలించాలి. మామూలు పద్ధతిలో డ్రైవరు బండిని వెనక్కు నడుపుతుంటే మరొకడు పనిముట్టు దగ్గర నిలబడి గునపంతో సర్దుతాడు. క్లచ్‌పై కాలు జారితే చక్రానికీ ఇనుముకూ మధ్య నలిగేది ఆ నిలబడ్డవాడే. క్విక్ హిచ్ ఈ అవస్థను తప్పిస్తుంది. అది మూడు లింకులకు శాశ్వతంగా బిగించే చట్రం. దానికి పైకి తెరుచుకున్న మూడు కొక్కేలుంటాయి. బండిని వెనక్కు తెచ్చి లిఫ్టు ఎత్తితే పనిముట్టు పిన్నులు కొక్కేలలో కూర్చుంటాయి, కింది రెండింటికీ గడియ పడుతుంది. బండికీ పనిముట్టుకూ నడుమ మనిషి నిలబడనక్కరలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా పనిముట్ల కొలతలలో ఉంది.

మూడు లింకుల విద్య

హారీ ఫెర్గూసన్ తన లింకేజికి 1926లో బ్రిటిష్ పేటెంటు పొందాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో చేతిలో చెయ్యి వేసుకుని ఒప్పందం కుదుర్చుకున్నాడు. 1939లో ఫోర్డు ట్రాక్టరుకు ఆ లింకేజి వచ్చింది. ఆ పొత్తు చెడి వ్యాజ్యమై, చివరకు 1952లో ఫోర్డు కంపెనీ 92.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. మూడు ఇనుప చేతుల అమరికకు ఉన్న విలువ అంత. తరువాత తయారీదారులందరూ దానినే అనుసరించడంతో అది ప్రపంచానికి ఉమ్మడి ప్రమాణమయింది. మన దేశంలో ఐ.ఎస్. 4468 ఈ విషయానికి సంబంధించిన ప్రమాణమే.

ప్రమాణం ప్రకారం ఒకటవ తరగతి పనిముట్టుకు పై పిన్ను సుమారు 19 మిల్లీమీటర్లు, కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, ఆ రెండింటి మధ్య ఎడం 683 మిల్లీమీటర్లు. రెండవ తరగతిలో ఇవే వరుసగా 25, 28, 825. లింకులకు నేరుగా తగిలించేటప్పుడు ఈ కొలతలలో అటూ ఇటూ తేడా ఉన్నా పని గడుస్తుంది. కింది లింకులు అటూ ఇటూ కదులుతాయి. టాప్ లింకును తిప్పి పొడవు పెంచవచ్చు, తగ్గించవచ్చు. సుత్తి దెబ్బలకు లొంగనిది అరుదు. క్విక్ హిచ్ చట్రం అలా లొంగదు. దాని మూడు కొక్కేలు ఉన్నచోటనే ఉంటాయి. నిన్నటివరకు సుత్తి కప్పిపుచ్చిన తేడాను అది బయట పెడుతుంది.

ఎక్కడ పేచీ వస్తుంది?

మొదటి పేచీ ఎత్తు. అమెరికా పద్ధతి చట్రాలలో పై కొక్కెం కింది కొక్కేలకు సాధారణంగా 15 అంగుళాల ఎత్తున ఉంటుంది. ఒకటవ తరగతి ప్రమాణపు పనిముట్టుకు పై రంధ్రం 460 మిల్లీమీటర్లు, అనగా 18 అంగుళాల ఎత్తున ఉంటుంది. మూడు అంగుళాల తేడా వస్తే కింది పిన్నులు కూర్చున్నా పై పిన్ను కొక్కేనికి అందదు. పై కొక్కేన్ని రెండు మూడు ఎత్తులలో బిగించుకునే చట్రమయినా కావాలి, పనిముట్టుకు 15 అంగుళాల దగ్గర మరో రంధ్రమయినా ఉండాలి.

రెండవది పిన్నుల లావు. కొక్కేలు పిన్నుకంటే పెద్దవి. ఒకటవ తరగతి కింది పిన్నుకు ఒక అంగుళం ఏడు పదహారో వంతుల బుష్ తొడిగితే గాని అవి బిగువుగా కూర్చోవు. ప్రతి పనిముట్టుకు మూడు బుష్‌లు. వాటి ఖరీదు పెద్దది కాదు గాని, అవి లేకుండా పని చేస్తే కొక్కెం అరుగుతుంది, పిన్ను వంగుతుంది.

మూడవది అడ్డుకమ్మీలు. వెల్డింగు షాపులో బలం కోసం పిన్ను పక్కనే వేసిన పట్టీ కొక్కేన్ని లోపలికి రానివ్వదు. పై రంధ్రపు రెండు పలకల మధ్య సందు ఇరుకైనా అంతే. పాత గొర్రులలో ఈ బాధ ఎక్కువ.

నాల్గవది రోటవేటరుకు సంబంధించినది. చట్రం అమర్చగానే పనిముట్టు నాలుగైదు అంగుళాలు వెనక్కు జరుగుతుంది. పి.టి.ఓ. షాఫ్టు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉండవలసినంత మేర ఉండవు. పొడవు షాఫ్టు కొనక తప్పదు. పైగా ఆ షాఫ్టును చేత్తో తగిలించడానికి డ్రైవరు ఎలాగూ ఇంజను ఆపి దిగాలి. కనుక రోటవేటరు వరకు క్విక్ హిచ్ లాభం సగమే.

అయిదవది లిఫ్టు. లిఫ్టు ఎత్తే బరువును కింది లింకుల చివరనుండి 24 అంగుళాల వెనుక కొలిచి చెప్పడం రివాజు. పనిముట్టు ఇంకా వెనక్కు పోయినకొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుంది. దానికి చట్రం సొంత బరువు తోడు. చిన్న బండికి బరువైన రోటవేటరు తగిలిస్తే గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలే ప్రమాదముంది. ఇక ట్రక్కు లాగే రోజున ఈ చట్రం మలుపులలో ట్రక్కు ముక్కుకు తగలకుండా చూసుకోవాలి, లేదా విప్పి పక్కన పెట్టాలి.

ఎవరికి గిట్టుబాటు?

సాలుకు మూడు నాలుగుసార్లు పనిముట్టు మార్చే సొంత సేద్యగాడికి ఈ ఖర్చు దండగ. అద్దెకు తిప్పే బండి సంగతి వేరు. రోజుకు రెండు మార్పులు, మార్పుకు ఇరవై నిమిషాలు అనుకుంటే ముప్పై రోజుల అదనులో ఇరవై గంటలు పోతాయి. మెట్ట చేలలో పదును ఆరకముందే విత్తనం పడాలి. ఆ రోజుల్లో పోయిన గంటను అద్దె రేటుతో మాత్రమే కొలవడం సరికాదు. ఆ గంటకు వరుసలో ఆఖరున ఉన్న చిన్న రైతు చేను ఎండుతుంది.

అయితే అద్దె కేంద్రాలలోనే పనిముట్లు రకరకాల చోట్లనుండి వచ్చి చేరుతాయి. గొర్రు స్థానిక షాపుది, రోటవేటరు రాజకోటది, విత్తే యంత్రం మరో రాష్ట్రానిది. గిట్టుబాటు ఉన్నచోటనే కొలతల గందరగోళం కూడా ఎక్కువ. దీనిని ఒక్కొక్క రైతు తన సొంత డబ్బుతో వెల్డింగు చేయించుకుని సరిదిద్దుకోవాలనడం న్యాయం కాదు.

2014–15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద పనిముట్లకు, అద్దె కేంద్రాలకు ప్రభుత్వ సహాయం అందుతున్నది. యంత్రాలను పరీక్షించడానికి మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలోను, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోను కేంద్ర సంస్థలున్నాయి. ప్రజల సొమ్ముతో కొనే ప్రతి పనిముట్టు పైన దాని తరగతి, పై రంధ్రం ఎత్తు, పిన్నుల లావు, కింది పిన్నుల ఎడం రేకు మీద చెక్కి ఉండాలన్న షరతు పెట్టడం కష్టమేమీ కాదు. క్విక్ హిచ్ చట్రాలకు అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 11001 నాలుగు రకాలను గుర్తించింది. ఒక రకానికి అమరేది మరొక రకానికి అమరదు. కనుక ఒక అద్దె కేంద్రంలో ఒకే రకం చట్రం ఉండాలన్నది రెండవ షరతు కావాలి.

ఇలాంటి నిబంధనలు చిన్న షాపులను దెబ్బతీస్తాయని ఒక వాదన ఉంది. అది నిలవదు. రంధ్రం 17 అంగుళాల దగ్గర తొలిచినా, 18 అంగుళాల దగ్గర తొలిచినా పట్టే ఇనుము, కరెంటు ఒకటే. కావలసింది ఒక అచ్చు చట్రం మాత్రమే. దానిలో పెట్టి వెల్డింగు చేస్తే వందవ గొర్రు కూడా మొదటి గొర్రులాగే వస్తుంది. కొలత కుదిరిన సరుకుకు పక్క జిల్లాలోనూ గిరాకీ ఉంటుంది. కుదరనిదానికి సొంత ఊరి సంతలో కూడా పాత ఇనుము ధరే.

ప్రభుత్వం మేల్కొనేదాకా రైతు చేతిలో ఉన్న ఉపాయం టేపు ఒకటే. చట్రానికి బయానా ఇచ్చేముందు ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటి కొలతలు కాగితం మీద వేసుకోవాలి. బుష్‌లు, షాఫ్టు, వెల్డింగు ఖర్చు కలిపి అసలు ధర తేల్చుకోవాలి. సగానికి పైగా పనిముట్లు అమరకపోతే ఆ సొమ్ము దాచుకుని, తరువాత కొనే ప్రతి పనిముట్టునూ ప్రమాణం చూసి కొనడమే మేలు.