వాసన తిరిగొచ్చిన దారి

2020 జూన్ 13న కేంద్ర ఆరోగ్య శాఖ వాసన, రుచి తెలియకపోవడాన్ని కరోనా లక్షణాల్లో చేర్చింది. అప్పటికే సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి కోవిడ్ రోగులకే కేటాయించి ఉంది. ఇళ్లలో జనం థర్మామీటరు కన్నా ముందు కాఫీ పొడి డబ్బా మూత తీసి చూసుకునేవారు. పోపులో ఇంగువ పడ్డా ముక్కుకు తెలియకపోతే గుండెల్లో రాయి పడేది. పోయిన వాసన చాలామందికి కొన్ని వారాల్లోనే తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకుని మరిచిపోయాం. అదెలా తిరిగొచ్చిందో అడిగినవాళ్లు తక్కువ.

నాడీకణం నేరుగా బయటి గాలికి ఎదురు నిలిచే చోటు ముక్కు లోపలి పైభాగం. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ఎండుమిరప బస్తాల పక్కగా నడిచినా, స్టేషన్ ముందు ఆటోల పొగ పీల్చినా దెబ్బ దానికే. అందుకే అక్కడి కణాలకు ఆయుష్షు తక్కువ. వారాలకో నెలలకో పాతవి రాలిపోతే అడుగునున్న మూలకణాల నుంచి కొత్తవి పుడతాయి. వెన్నుపాముకు ఆ భాగ్యం లేదు, తెగితే తెగినట్టే. కరోనా వైరస్ ప్రధానంగా దెబ్బతీసింది నాడీకణాలను కాదని, వాటికి ఆసరాగా ఉండే పక్క కణాలనని హార్వర్డ్ పరిశోధకులు ఆ ఏడాదే చెప్పారు. చాలామంది త్వరగా తేరుకోవడానికి అదొక కారణం.

లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో వాసన పట్టే ప్రోటీన్ల, అంటే గ్రాహకాల, జన్యువులను గుర్తించి, 2004లో నోబెల్ అందుకున్నారు. మనిషిలో పనిచేసే గ్రాహకాలు దాదాపు 400 రకాలు, ఒక్కో కణానికి ఒక్కటే రకం. కొత్తగా పుట్టిన కణం తన తీగను జల్లెడలాంటి ఎముక గుండా పైకి పంపి, మెదడు అడుగున తన రకం తీగలన్నీ కలిసే చోటును వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో గ్రాహకానికీ వాటా ఉందని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. అంటే వాసన పట్టే ఆ ప్రోటీనే తీగకు చిరునామా కూడా చెబుతోంది. చిరునామా తప్పితే ఏమవుతుందో కోవిడ్ తర్వాత కొందరు నెలల తరబడి అనుభవించారు. ఇరానీ చాయ్ కాలిన రబ్బరులా తగిలేది. వేగుతున్న ఉల్లిపాయలు కుళ్లు కంపు కొట్టేవి. కొత్త తీగలు వేరే చోటికి చేరడమే ఇందుకు కారణమై ఉండొచ్చని పరిశోధకుల అంచనా. ఇంట్లోవాళ్లు చాదస్తమని కొట్టిపారేసిన ఆ అవస్థ, బహుశా లోపల మరమ్మతు నడుస్తోందనడానికి గుర్తు.

ఈ తీగలను చుట్టుకుని మెదడు దాకా వెంట వెళ్లే తొడుగు కణాలు వేరే ఉన్నాయి. బ్రిటన్ శాస్త్రవేత్త జెఫ్రీ రైస్‌మన్ 1985లో వాటి తీరు వివరించి, వాటితో వెన్నుపామును అతకవచ్చన్న ఆలోచనను చివరిదాకా వదల్లేదు. 2012లో పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో డాక్టర్ పావెల్ తబాకోవ్ బృందం, కత్తిపోట్లకు వెన్నుపాము తెగిన డారెక్ ఫిడికా అనే వ్యక్తికి ఆయన సొంత తొడుగు కణాలనే పెంచి ఎక్కించింది. 8 మిల్లీమీటర్ల ఎడాన్ని చీలమండ దగ్గరి నాడి ముక్కలతో కలిపింది. ఆయన ఊతం పట్టుకుని నడిచిన వార్త 2014లో ప్రపంచమంతా పాకింది. మన ఢిల్లీలోని స్పైనల్ ఇంజ్యూరీస్ సెంటర్ అంతకు ముందే, ముక్కులోని పొరను తీసి అయిదుగురికి అమర్చి చూసింది. పెద్ద ప్రమాదమేమీ లేదు గానీ చెప్పుకోదగ్గ ప్రయోజనమూ కనబడలేదని 2009లో ప్రకటించింది. పోలండ్ కబురు ఊరూరా తెలిసినంతగా ఢిల్లీ కబురు తెలియలేదు. మూలకణాల పేరు చెప్పి లక్షలు అడిగే చోట్లకు పరుగెత్తే కుటుంబాలు ముందు చదవాల్సింది ఈ రెండో కబురే.

ఇక వాసన గ్రాహకాలు ముక్కుకే పరిమితం కాలేదు. చర్మంలో ఉన్న ఒక గ్రాహకాన్ని కృత్రిమ చందన పరిమళంతో తట్టి లేపితే, ప్రయోగశాలలో గాయం త్వరగా పూడిందని 2014లో జర్మనీలోని బోఖుమ్ శాస్త్రవేత్తలు చూపారు. అది ఫ్యాక్టరీ సరుకు. మన పెళ్లి గంధానికి ఆ ఘనత అప్పుడే అంటగట్టకండి.

ముక్కుకు వ్యాయామం మాత్రం ఇంట్లోనే సాధ్యం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ 2009లో పరీక్షించిన పద్ధతిలో గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలు ఉదయం, సాయంత్రం పన్నెండు వారాలు చూడాలి. అందరికీ కాదు గానీ కొందరికి గుణం కనబడింది. కళ్లకు అక్షరాల చార్టు ఉంది, చెవికి యంత్రం ఉంది. ముక్కును ఎవరూ అడగరు. పార్కిన్సన్స్ వ్యాధిలో చేతి వణుకుకు ఏళ్ల ముందే వాసన మందగించవచ్చు. వాసన తెలియని పెద్దాయనకు వంటింట్లో గ్యాస్ లీకైనా తెలియదు. బస్తీ దవాఖానాలో బీపీ చూసే బల్ల మీద లవంగాల సీసా ఒకటి ఉంచి, అరవై దాటిన ప్రతి ఒక్కరి చేతా ఒకసారి వాసన చూపిస్తే బాగుంటుంది.